ఫైన్ అంటే బాగుందా, సన్నగా ఉందా, జరిమానానా? ఒక్క మాటకి ఇన్ని అర్థాలేంటి

ఇద్దరమ్మాయిల_నాన్న
మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. మొన్న ఇంగ్లీషు పరీక్షలో తెలుగులోకి మార్చమని ఒక వాక్యం ఇచ్చారు: "ద శాండ్ హియర్ ఈజ్ వెరీ ఫైన్". ఇది "ఇక్కడి ఇసుక చాలా బాగుంది" అని రాసింది. ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసి సున్నా వేశారు, పక్కన సరైన జవాబు కూడా రాయలేదు. పిల్ల ఆ పేపర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అందులో తప్పేమిటో నాకూ వెంటనే తట్టలేదు. పైగా అది ఇంకో ప్రశ్న వేసింది. లైబ్రరీ పుస్తకం ఆలస్యంగా ఇస్తే కట్టేదీ ఫైనే, ఒంట్లో బాగుందని చెప్పేదీ ఫైనే, మరి రెండింటికీ ఒకే మాట ఎలా వచ్చింది నాన్నా అని. నేను నోరు తెరవలేకపోయాను. ఎవరైనా విడమరిచి చెబితే దానికి అలాగే చెబుతాను. సున్నా సంగతి కూడా తేల్చండి, న్యాయమేనా?

వెన్నెల77
సున్నా అన్యాయం. "బాగుంది" కూడా ఫైన్‌కి అర్థమే కదా. డిక్షనరీలో మొదట ఉండేది అదే.

చలపతి_క
డిక్షనరీలో మొదట ఉన్నంత మాత్రాన ప్రతిచోటా అదే అతికించలేం. పక్కన ఏ మాట ఉందో చూడాలి. ఇసుక, పొడి, దుమ్ము, దారం, జుట్టు, వాన తుంపర లాంటివి పక్కనుంటే ఫైన్ అంటే సన్నం. అంతే.

జల్లెడ_మనిషి
ఇది నా పని కాబట్టి చెబుతాను. మట్టి పరీక్షలు చేసే ల్యాబ్‌లో రోజూ ఇసుకని జల్లెడ పడతాం. మాకు "ఫైన్ శాండ్" అంటే మెచ్చుకోలు కాదు, ఒక కొలత. భూగర్భ శాస్త్రం వాళ్లు వాడే వెంట్‌వర్త్ కొలమానం ప్రకారం రేణువు 0.125 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటే అది ఫైన్ శాండ్. అంతకంటే చిన్నదైతే, 0.0625 వరకూ, దాని పేరే "వెరీ ఫైన్ శాండ్". అంటే మీ అమ్మాయికి ఇచ్చిన వాక్యంలో ఉన్న రెండు మాటలూ కలిపి ఒక తరగతి పేరు. దాన్ని అరచేతిలో పోసుకుని బొటనవేలితో రుద్దితే పలుకు కొద్దిగానే తగులుతుంది. చెయ్యి దులుపుకున్నా గీతల్లో మిగిలిపోతుంది. "ఇక్కడి ఇసుక చాలా సన్నగా ఉంది" లేదా "చాలా మెత్తగా ఉంది" అని రాయాలి.

ఇంకో సంగతి. ఇదే మాట కాంక్రీటు వాళ్ల దగ్గరికి వెళితే కొలత మారిపోతుంది. వాళ్లకి "ఫైన్ అగ్రిగేట్" అంటే 4.75 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగేదంతా. నాలుగు మిల్లీమీటర్ల గులకని మేం ఎవరం సన్నం అనం, కానీ కంకర పక్కన పెడితే అదీ ఫైనే. కాబట్టి సన్నం అనేది దేనితో పోల్చి అన్నామన్న దాని మీద ఉంటుంది.

వెన్నెల77
కొలత కూడా ఉందని తెలియదు. సరే, ఇసుక విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఎనిమిదో తరగతి పిల్లకి వెంట్‌వర్త్ గురించి ఎలా తెలుస్తుంది? సరైన జవాబు రాయకుండా సున్నా వేయడం మాత్రం తప్పే.

ఇద్దరమ్మాయిల_నాన్న
@వెన్నెల77 నా బాధా అదే. కొట్టేశారు సరే, ఏది రాయాలో చెబితే పిల్ల నేర్చుకునేది.

సబ్‌టైటిల్_సుబ్బు
సన్నం గొడవ తేలికగా పట్టుకోవచ్చు. నన్ను పీడించేది "వన్ ఫైన్ డే". సబ్‌టైటిళ్లు సరిచూసే పని చేస్తాను. పోయిన నెల ఒక అనువాదం వచ్చింది: "ఒక మంచి ఉదయాన అతని ఉద్యోగం పోయింది." చదవగానే ఒళ్లు మండింది. ఉద్యోగం పోయిన ఉదయం మంచిదెలా అవుతుంది? అక్కడ ఫైన్‌కి మంచీ లేదు చెడూ లేదు. అనుకోకుండా వచ్చిన రోజని చెప్పడమే. "ఉన్నట్టుండి ఒకరోజు ఉద్యోగం పోయింది" అంటే సరిపోతుంది. కథ మొదలుపెట్టేటప్పుడైతే "ఒకానొక రోజున". మన దగ్గర ఇంత చక్కటి మాటలుండగా "మంచి ఉదయం" ఎందుకు?

పద్మజ_వి
@సబ్‌టైటిల్_సుబ్బు "ఫైన్ ప్రింట్" ని "చక్కటి ముద్రణ" అని రాసినవాళ్లని కూడా చూశాను. ఒప్పందం కాగితంలో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే షరతులండీ అవి! చదవకుండా సంతకం పెడితే కొంప మునిగేది వాటివల్లే. దాన్ని చక్కటి ముద్రణ అంటే చదివేవాడు ఏమనుకుంటాడు.

సబ్‌టైటిల్_సుబ్బు
నిజం. "ఫైన్ టూత్ కోంబ్" సంగతీ అంతే. పళ్లు దగ్గరదగ్గరగా ఉండే దువ్వెన, మన పేను దువ్వెన లాంటిది. లెక్కలన్నీ దానితో దువ్వారు అంటే తెలుగులో "జల్లెడ పట్టారు". పైన @జల్లెడ_మనిషి గారు నిజంగానే జల్లెడ పడుతున్నారు కాబట్టి ఆయనకి రెండు రకాలుగానూ పనికొస్తుంది :)

సూదిమందు_సిస్టర్
పదకొండేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. ఈ మాట వల్ల మనుషులు హడలిపోవడం కళ్లారా చూశాను. మెడ మీద గడ్డ ఉన్న ఒక పెద్దావిడకి, గడ్డలోంచి సూదితో కొంచెం లాగి చూసే "ఫైన్ నీడిల్ ఆస్పిరేషన్" పరీక్ష రాశారు. కాగితం చదివిన ఆవిడ భర్త నన్ను పక్కకి పిలిచి, "మంచి సూదితో చేస్తామని రాశారు, అంటే మామూలు సూదితో కుదరనంత పెద్ద జబ్బా అమ్మా" అని అడిగారు. చేతిలో కాగితం వణుకుతోంది. నేను సూది తీసి చూపించాను. "ఫైన్ అంటే సన్నం బాబాయిగారూ, ఇదిగో, రక్తం తీసే సూదికంటే లావేమీ కాదు" అంటే అప్పుడు కుర్చీలో కూర్చున్నారు.

సాధారణంగా దానికి 22 నుంచి 25 గేజ్ సూదులు వాడతారు. గేజ్ నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అది కూడా జనానికి తిరకాసే. 25 అంటే పెద్దదనుకుని భయపడతారు. కాగితాల మీద ఫైన్ నీడిల్ అని వదిలేయకుండా "సన్న సూది పరీక్ష" అని నోటితో ఒక్కసారి చెబితే సగం టెన్షన్ పోతుంది. ఈ పని మా అందరి బాధ్యత.

చలపతి_క
ఇది చదివాక మాట అర్థం తెలియకపోవడం ఎంత దూరం పోతుందో తెలిసింది. మంచి పని చేశారు సిస్టర్.

ఫుల్‌టాస్_ఫణి
క్రికెట్ వదిలేశారేంటి. ఫైన్ లెగ్! చిన్నప్పుడు నేను "అక్కడ నిలబడేవాడు బాగా ఫీల్డింగ్ చేస్తాడు కాబట్టి ఫైన్" అనుకునేవాణ్ణి.

ఆఫ్‌సైడ్_ఆచారి
@ఫుల్‌టాస్_ఫణి అక్కడా సన్నమే, కానీ కోణం సన్నం. పిచ్ పొడవునా ఒక గీత గీసి దాన్ని వికెట్ల వెనక్కి బౌండరీ దాకా లాగితే, ఆ గీతకి దగ్గరగా, తక్కువ కోణంలో ఉంటే ఫైన్. దూరం జరిగి క్రీజుకి సూటిగా పక్కకి వస్తే స్క్వేర్. అందుకే కామెంటరీలో "కొంచెం ఫైనర్‌గా ఆడి ఉంటే ఫోర్ పోయేది" అంటారు. బంతి బాగా ఆడాలని కాదు, వికెట్ కీపర్ వైపుకి ఇంకాస్త దగ్గరగా తిప్పాలని.

ఫుల్‌టాస్_ఫణి
ఇన్నేళ్ల మ్యాచ్‌లు, ఇవాళ తెలిసింది.

కంసాలి_మనవడు
అన్నీ సన్నం దగ్గరే ఆగిపోయారు. బంగారంలో ఫైన్ అంటే సన్నం కాదు, స్వచ్ఛం. ఫైన్‌నెస్ అని వెయ్యి పాళ్లలో లెక్కేస్తారు. 999 అంటే వెయ్యిలో 999 పాళ్లు బంగారమే. 22 క్యారెట్లని 24తో భాగిస్తే 0.916 చిల్లర వస్తుంది, 916 అని ముద్ర వేసేది అందుకే. లండన్ మార్కెట్ ఒప్పుకునే పెద్ద కడ్డీలకి కనీసం 995 ఉండాలి. మా తాతయ్య మూసలో కరిగించి, మురికి తేలాక తీసేసి, మళ్లీ కరిగించేవాడు. ఆఖరికి మిగిలిన ముద్దని దీపం దగ్గర పెట్టి "ఇదిరా మేలిమి" అనేవాడు. ఇంగ్లీషులో "ఫైన్ గోల్డ్" అంటే ఆ మేలిమి బంగారమే. రిఫైన్ అన్న మాటలో కూర్చున్నది కూడా ఈ ఫైనే.

మడతపేజీ
సన్నం, స్వచ్ఛం, బాగుంది, జరిమానా, ఇవన్నీ వేరు వేరు మాటలనే నా అభిప్రాయం. రాత ఒకటైనంత మాత్రాన పుట్టుక ఒకటి కానక్కర్లేదు. "ఫెయిర్" చూడండి. తిరునాళ్ల లాంటి ఫెయిర్ లాటిన్ నుంచి వచ్చింది, న్యాయంగా తెల్లగా ఉండే ఫెయిర్ పాత ఇంగ్లీషు మాట. రెండింటికీ చుట్టరికం లేదు, రాతలో కలిశాయంతే. ఫైన్ కూడా అలాగే అయ్యుంటుంది. డిక్షనరీల్లో కూడా జరిమానా ఫైన్‌ని, బాగున్న ఫైన్‌ని రెండు విడి పదాలుగా నంబర్లు వేసి ఇస్తారు. పిల్లకి "ఇవి రెండు మాటలు, వేరుగా గుర్తుపెట్టుకో" అని చెప్పండి చాలు.

పాత_కాగితాలు
@మడతపేజీ ఫెయిర్ విషయంలో మీరన్నది నిజం, కానీ ఫైన్ విషయంలో కాదు. డిక్షనరీలు వేరు నంబర్లు ఇచ్చేది వాడుక వేరు కాబట్టి. వేరు మాత్రం ఒకటే, లాటిన్ "ఫీనిస్". అంటే ముగింపు, హద్దు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఒక పనిని ఆఖరిదాకా చేస్తే అది పూర్తయినట్టు, ఇక మెరుగు పెట్టడానికేం లేనట్టు. అందులోంచి మేలైనది, స్వచ్ఛమైనది అన్న అర్థాలు వచ్చాయి. మెరుగు పెట్టగా పెట్టగా నాజూకు అవుతుంది, అందులోంచి సన్నం. ఫైనల్, ఫినిష్, డిఫైన్, కన్‌ఫైన్, ఇన్ఫినిటీ అన్నీ ఈ కుదురువే.

జరిమానా సంగతి ఇంకా బాగుంటుంది. పాతకాలం ఇంగ్లండులో భూమి చేతులు మారేటప్పుడు కోర్టులో ఒక ఉత్తుత్తి వ్యాజ్యం వేసి, రాజీ పడ్డామని రాయించుకునేవాళ్లు. ఆ రాజీతో తగవు ముగుస్తుంది కాబట్టి ఆ పత్రం పేరే "ఫైన్". 1195 నుంచి దాన్ని ఒకే తోలు కాగితం మీద మూడుసార్లు రాసేవాళ్లు, రెండు పైన పక్కపక్కన, మూడోది అడుగున అడ్డంగా. తర్వాత వంకర టింకరగా కత్తిరించి పైవి రెండూ ఇరుపక్షాలకి ఇచ్చి, అడుగు ముక్క కోర్టు దాచుకునేది. ఎవరైనా దొంగ పత్రం తెస్తే అంచుకి అంచు చేర్చి చూస్తే పట్టుబడిపోతుంది. ఆ అడుగు ముక్కలని "ఫీట్ ఆఫ్ ఫైన్స్" అంటారు, వేల కొద్దీ ఇప్పటికీ ఇంగ్లండు జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. ఈ పద్ధతిని 1833లో చట్టం చేసి ఎత్తేశారు. ఇలా తగవు తెంచుకోవడానికి కట్టే సొమ్ముని కూడా ఫైన్ అన్నారు, రానురాను అదే శిక్షగా కట్టే డబ్బు అయింది.

మడతపేజీ
@పాత_కాగితాలు పత్రాల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ వేరు తెలిస్తే వాడకం వస్తుందా? ఫీనిస్ గురించి చదివినవాడు కూడా ఇసుక దగ్గర తప్పే రాస్తాడు. పిల్లలకి కావలసింది వాక్యాలు, లాటిన్ కాదు.

పాత_కాగితాలు
ఇసుక వాక్యం రాయడానికి లాటిన్ అక్కర్లేదు, నిజమే. కానీ ఆ అమ్మాయి అడిగిన రెండో ప్రశ్న "రెండింటికీ ఒకే మాట ఎలా వచ్చింది" అని. దానికి జవాబు ఇదే.

గళ్ళనుడికట్టు
మన జరిమానా కూడా చూడండి. అరబ్బీ "జుర్మ్" అంటే నేరం, దాని మీద పారసీ వాళ్లు కట్టిన మాట ఉర్దూ దారిలో మనకి వచ్చింది. మన మాట నేరం దగ్గర మొదలైతే ఇంగ్లీషు మాట తగవు ముగిసే దగ్గర మొదలైంది.

రిటైర్డ్_తెలుగు_పండితుడు
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను, ఒక్కరైనా "తీరు" అన్న మాట తెస్తారేమోనని. ఎవరూ తేలేదు కాబట్టి నేనే చెబుతాను.

పాత_కాగితాలు గారు చెప్పిన ప్రయాణమంతా మన తెలుగు మాట ఎప్పుడో చేసేసింది. తీరడం అంటే ముగియడం. పని తీరింది, ఆకలి తీరింది, అప్పు తీరింది. తగవు ముగిస్తే తీర్పు. నలుగురూ కూర్చుని ఆఖరి మాట అనుకుంటే తీర్మానం. పన్నుకి పాత మాట తీరువా, అంటే కట్టి తీర్చేది. ఒక పనిని చివరిదాకా మెరుగుపెడితే తీర్చిదిద్దడం. చూడముచ్చటగా ఉంటే "తీరైన ముక్కు", "తీరైన మనిషి" అంటాం. ముగింపు, తగవు తెగడం, కట్టే సొమ్ము, నాజూకు, అందం, ఫైన్‌లో మీరు ఏరిన గింజలన్నీ దాదాపుగా ఇక్కడ ఉన్నాయి. సన్నం ఒక్కటే లేదు.

ఇంగ్లీషువాళ్ల "ఫైనాన్స్" కూడా ఇదే కుదురు. ఫ్రెంచిలో మొదట దాని అర్థం అప్పు తీర్చడం. కాబట్టి అమ్మాయికి లాటిన్ నేర్పక్కర్లేదు నాయనా. "తీర్పుకీ తీరైన ముక్కుకీ ఒకే మాట ఎలా వచ్చిందో, ఫైన్‌కీ అలాగే వచ్చింది" అని చెప్పు. దానికి తన భాషలోనే దొరుకుతుంది.

వెన్నెల77
మాస్టారూ!! రోజూ వాడే మాట. ఒక్కసారి కూడా ఇలా చూడలేదు.

మడతపేజీ
మాస్టారు చెప్పిన దారైతే నాకు అభ్యంతరం లేదు. పిల్లకి ఇది గుర్తుంటుంది.

ఇద్దరమ్మాయిల_నాన్న
మాస్టారూ, ఇది రాసి పెట్టుకున్నాను. రాత్రి అన్నాల దగ్గర చెబుతాను.

రేవతి_అక్క
అర్థాలన్నీ బాగున్నాయి కానీ నోటితో అనేటప్పుడు వచ్చే తేడా ఎవరూ చెప్పలేదు. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో మొదటిసారి ఒంటరిగా విదేశానికి బయల్దేరింది. మధ్యలో విమానం మారే చోట ఒకమ్మాయి వచ్చి వీల్‌చైర్ కావాలా అని ఇంగ్లీషులో అడిగింది. అమ్మ "సరే" అనబోయి "ఫైన్, ఫైన్" అని నవ్వింది. ఆ అమ్మాయీ నవ్వి, కుర్చీ తోసుకుంటూ వెళ్లిపోయింది! వద్దన్నట్టు అర్థం చేసుకుంది. అమ్మ గంటసేపు అక్కడే నిలబడింది, వాళ్లు మళ్లీ వస్తారని. ఫోన్లో నాకు చెబుతుంటే నాకు ఏడుపు వచ్చింది.

ఏదైనా కావాలా అని అడిగినప్పుడు "ఐయామ్ ఫైన్" అంటే "నాకేం అక్కర్లేదు" అని. కావాలంటే "యెస్, ప్లీజ్" అనాలి. పెద్దవాళ్లు ఎవరైనా ప్రయాణం చేస్తుంటే ఈ ఒక్క ముక్క నేర్పి పంపండి. ఇప్పుడు అమ్మ పాస్‌పోర్టు కవరు లోపల ఆ రెండు మాటలూ తెలుగు అక్షరాల్లో రాసి పెట్టాను.

సూదిమందు_సిస్టర్
@రేవతి_అక్క మాకూ ఇదే ఇబ్బంది. నొప్పి ఉందా అంటే "ఫైన్" అంటారు. తగ్గిందనా, ఓర్చుకోగలననా, మందు వద్దనా? నేను ఆ మాట నమ్మడం మానేసి పదికి ఎంత నొప్పి అని అంకె అడుగుతాను.

గ్రామర్_గోపాల్
దీనికో చిన్న కిటుకుంది. ఫైన్ నామవాచకం ముందు వస్తే పొగడ్త బలంగా ఉంటుంది. "ఎ ఫైన్ రైటర్" అంటే గొప్ప రచయిత. అదే వాక్యం చివర ఒంటరిగా వస్తే బలం తగ్గిపోతుంది. "యువర్ రిపోర్ట్ ఈజ్ ఫైన్" అంటే గొప్పగా ఉందని కాదు, పర్లేదు, సరిపోతుంది అని. చాలామంది ఇక్కడ మోసపోతారు.

ఇంకోటి, మనవాళ్లు "ఐయామ్ వెరీ ఫైన్" అంటుంటారు. ఆరోగ్యం గురించి చెప్పేటప్పుడు వెరీ అతకదు. "వెరీ వెల్" అనొచ్చు, "జస్ట్ ఫైన్" అనొచ్చు. మెరుగయ్యానంటే కూడా "ఫైనర్" అనరు, "బెటర్" అంటారు. వెరీ, ఫైనర్, ఫైనెస్ట్ ఇవన్నీ సన్నం, నాణ్యం అర్థాలకే కుదురుతాయి. అంటే అసలు ప్రశ్నలోనే ఆధారం ఉంది. "వెరీ ఫైన్" అని కనిపించింది కాబట్టి అది "పర్లేదు" అనే ఫైన్ కాదు, పక్కన ఇసుక ఉంది కాబట్టి సన్నం.

చలపతి_క
ఇది ఆ టీచర్ పేపర్ పక్కన రాసి ఉంటే రెండు వాక్యాల్లో అయిపోయేది.

నీలిటిక్కు
చాట్‌లో "ఫైన్." అని ఒక్కటే వచ్చి చివర చుక్క పెడితే? దానికి అర్థం ఏ డిక్షనరీలోనూ దొరకట్లేదు. నిన్న సాయంత్రం నుంచి వెతుకుతున్నా.

పద్మజ_వి
@నీలిటిక్కు దానికి తెలుగు "సరే" కాదు, "సరేలే". ఆ "లే"లోనే అంతా ఉంది. ఇక్కడ వెతకడం ఆపి ముందు ఫోన్ చెయ్యండి.

నీలిటిక్కు
చేశాను. ఎత్తలేదు.

పద్మజ_వి
మళ్లీ చెయ్యండి.

గళ్ళనుడికట్టు
మన "బాగుంది" కూడా తక్కువ తినలేదు. "బాగుంది" అంటే మెచ్చుకోలు, "బాగానే ఉంది" అంటే పర్లేదు, "బాగుంది వరస!" అంటే తిట్టు. గోపాల్ గారు చెప్పిన బలం తగ్గడం మనం "నే" ఒక్క అక్షరంతో చేసేస్తాం.

సరళీస్వరం
పియానో నేర్చుకుంటున్నాను. నోట్స్ కాగితం మీద ఒకచోట ఫైన్ అనే అక్షరాలు కనిపించాయి. ఇక్కడ వాయించేది బాగుండాలని కాబోలు అనుకుని ఆ చోట జాగ్రత్తగా వాయించి ముందుకి వెళ్లిపోయేదాన్ని. అది ఇటాలియన్ మాట, "ఫీనే" అని పలకాలట. అర్థం ముగింపు. "డా కాపో అల్ ఫీనే" అని ఉంటే మళ్లీ మొదటికి వెళ్లి ఫీనే ఉన్న చోట ఆపెయ్యాలి. పాత_కాగితాలు గారి ఫీనిస్ ఇక్కడ ఏ మార్పూ లేకుండా అలాగే ఉంది.

పాత_కాగితాలు
@సరళీస్వరం చక్కటి ఉదాహరణ, నాకు తట్టలేదు. పాత అర్థం బతికున్న చోటు ఇంకొకటుంది. హామ్లెట్ నాటకం అయిదో అంకంలో శ్మశానం దృశ్యం. హామ్లెట్ ఒక పుర్రెని చూస్తూ ఇది ఎవరో లాయరుదై ఉండొచ్చు అనుకుంటాడు. అక్కడ షేక్‌స్పియర్ ఒకే వాక్యంలో ఫైన్‌ని నాలుగుసార్లు, నాలుగు అర్థాల్లో వాడాడు. ఇతగాడి భూమి పత్రాలన్నిటికీ ముగింపు ఇదేనా, ఈ తీరైన తలకాయ నిండా సన్నటి మట్టి కూరుకుపోవడమేనా అని. ముగింపు, పత్రం, తీరు, సన్నం, నాలుగూ వచ్చేశాయి చూడండి. నేను పైన చెప్పిన కోర్టు పత్రం గురించి తెలియకపోతే అందులో ఒకటి అర్థం కాదు.

సబ్‌టైటిల్_సుబ్బు
దాన్ని తెలుగులోకి తెమ్మంటే ఎలా? ఒకే మాట నాలుగుసార్లు రావాలి.

రిటైర్డ్_తెలుగు_పండితుడు
@సబ్‌టైటిల్_సుబ్బు తీరుతో ప్రయత్నించు నాయనా. "తగవులన్నీ తీర్చుకున్నవాడి తీరు చివరికి ఇలా తీరిందా" వరకూ వస్తుంది. సన్నటి మట్టి దగ్గర మాత్రం ఆగిపోతుంది, అక్కడికి నువ్వే ఏదైనా చూడు.

సబ్‌టైటిల్_సుబ్బు
ఈ రాత్రికి నాకు నిద్ర లేదు మాస్టారూ. నాలుగోది పట్టుకునేదాకా వదలను.

జల్లెడ_మనిషి
దుమ్ము మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను. గాలి కాలుష్యం వార్తల్లో చెప్పే పీఎం 2.5 ని "ఫైన్ పార్టికల్స్" అంటారు. 2.5 మైక్రోమీటర్లు, అంతకంటే చిన్న రేణువులు. మన వెంట్రుక మందం దానికి దాదాపు ముప్ఫై రెట్లు. అంత చిన్నవి కాబట్టే ఊపిరితిత్తుల లోతుకి దిగిపోతాయి. ఒక పత్రికలో "నాణ్యమైన ధూళి కణాలు" అని చూశాను. మనిషికి కీడు చేసేదాన్ని నాణ్యం అనడం నాకు మింగుడుపడలేదు, "సూక్ష్మ ధూళి కణాలు" అని రాయాలి.

ఇద్దరమ్మాయిల_నాన్న
రాత్రి చెప్పాను. మాస్టారి తీర్పు, తీరైన ముక్కు చెప్పగానే పిల్ల అద్దం దగ్గరికి వెళ్లి ముక్కు చూసుకుని వచ్చింది. తర్వాత మైక్రోస్కోపుకి కోర్స్, ఫైన్ అని రెండు మరలుంటాయి కదా నాన్నా, చిన్న మరని ఫైన్ అనేది ఇందుకేనా అని అదే అడిగింది. నేను చెప్పకుండానే పట్టుకుంది. కోర్స్ మర తిప్పితే ఒక్కసారిగా కదులుతుంది, ఫైన్ మర తిప్పితే వెంట్రుకవాసి కదులుతుంది అని చేత్తో చూపించింది.

ఇవాళ పొద్దున పేపర్ తీసుకుని టీచర్ దగ్గరికి తనే వెళ్లింది. "ఇక్కడి ఇసుక చాలా సన్నగా ఉంది" అని కింద రాసుకుని, ఇది సరైనదేనా అని అడిగిందట. ఆవిడ అవునని, మార్కు మాత్రం మార్చనని చెప్పారట. మార్కు పోతే పోయింది, నాకు తృప్తిగానే ఉంది. చిన్నది మాత్రం @మడతపేజీ గారు రాసిన ఫెయిర్ గురించి చదివి, తిరునాళ్లకీ న్యాయానికీ సంబంధం లేదంటే నేను నమ్మను అంటోంది.

మడతపేజీ
చిన్నమ్మాయిని నాకు వదిలేయండి. రేపు ఫెయిర్ మీద వేరే ప్రశ్న పెడతాను, అక్కడికి రమ్మనండి.